నోట్లో పెట్టుకున్నా ఏం కాదు

మా నాయన పలకల దుకాణంలో కూర్చున్నన్నాళ్లూ ఒక పని చేసేవాడు. బిడ్డను చంకనేసుకుని వచ్చిన తల్లి పలక బేరం ఆడుతుంటే, ఆ బిడ్డ కౌంటర్ మీది బలపం అందుకుని నోట్లో పెట్టుకునేది. తల్లి కంగారుగా దాని నోట్లో వేలు పెట్టేది. అప్పుడు మా నాయన డబ్బాలోంచి ఇంకో బలపం తీసి, తన పళ్ల మధ్య పెట్టి పటుక్కున కొరికి, "నోట్లో పెట్టుకున్నా ఏం గాదులేమ్మా," అనేవాడు. తల్లి నవ్వేది. బేరం అక్కడితో తెగేది. మార్కాపురంలో పలకల దుకాణాలు ఎన్ని ఉన్నా, "ఏంగాదులే దుకాణం" అంటే మాదేనని చుట్టుపక్కల ఊళ్లకు కూడా తెలుసు.

ఆ మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. నాయన నోట్లోంచి దాన్ని తీసి, ఊరు దాటించి, ఎవరు పడితే వాళ్ల ఫోనులోకి ఎక్కించింది ఎవరో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివేవాళ్లలో దుకాణమూ, దానికొక వెబ్‌సైటూ ఉన్నవాళ్లుంటే నిదానంగా చదవండి. మీకు కోపం వస్తే రానీయండి, నాకూ వచ్చింది.

నాయన పోయాక దుకాణం, వెనక షెడ్డు నా చేతికి వచ్చాయి. షెడ్డులో రాతి బిళ్లలు కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగించి పలకలు చేస్తాం. బలపాలు మేం చెయ్యం. బయటినుంచి బస్తాల్లో తెప్పించి, పలకకు రెండు చొప్పున కలిపి ఇస్తాం. పలకల కాలం ఎప్పుడో అయిపోయింది. మా ఆయన బడిపంతులు, ఆయన తరగతిలోనే ఒక్క పిల్ల చేతిలో పలక లేదు. ఇప్పుడు పలక కొనేది అక్షరాభ్యాసానికి. పుట్టినరోజుకు వచ్చిన పిల్లలకు తలా ఒకటి పంచే పట్నంవాళ్లు కూడా కొంటారు.

షెడ్డులో ప్యాకింగ్ చేసే ఆమెను నేను పిన్నమ్మా అంటాను. చుట్టరికం ఏమీ లేదు, నేను గౌను వేసుకునే రోజుల నుంచి ఉంది కాబట్టి పిన్నమ్మ. నాకు నలభై దాటినా ఆమెకు నేను ఇంకా "పాప"నే. ఆమె భర్త మా షెడ్డులోనే కోత మిషను మీద పనిచేశాడు. రాతి దుమ్ము లోపలికి పోయి, రెండేళ్లు దగ్గి దగ్గి పోయాడు. ఆమెకు ఒక్కతే కూతురు. పుల్లలచెరువు వైపు ఒక రైతుల ఇంటికి ఇచ్చింది.

ఇక వెబ్‌సైటు సంగతి. అంతకుముందే మాకొకటి ఉంది. తెలిసినవాడొకడు చేసిచ్చాడు. పైన వినాయకుడు, కింద కుడి నుంచి ఎడమకు పరిగెత్తే "స్వాగతం", మధ్యలో దుకాణం ఫోటో, ఫోన్ నంబరు. అది ఎవరూ చూసేవాళ్లు కాదు, నేను కూడా చూసేదాన్ని కాదు. ఒకరోజు దుకాణంలో తోచక, ఫోనులో "మార్కాపురం పలక" అని కొట్టాను. మొదట వచ్చింది ఎవరిదో పట్నం దుకాణం. ఫోటోలో ప్లాస్టిక్ పలక! పక్కన రంగురంగుల పూసలు, వెనక బాతుబొమ్మ. కింద "అసలు సిసలు మార్కాపురం పలక" అని రాసి ఉంది. రెండోది కూడా అదే బాపతు. మూడోది అట్ట పలక. నాలుగు పేజీలు తిరగేసినా మేం లేం. ఊళ్లో ఇంతమంది ఊపిరితిత్తులు పాడుచేసుకుని సంపాదించిన పేరు అది. దాన్ని ప్లాస్టిక్ ముక్క మీద అంటించుకుని ఎవడో అమ్ముకుంటున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పుడే హైదరాబాదులో ఎస్ఈఓ చేసే మనిషి నంబరు దొరికింది. సెర్చ్‌లో మన సైటును పైకి తీసుకురావడమే అతని పని. రేపు ఎస్ఈఓ ఆయన ఫోన్ చేస్తాడు, గోల చెయ్యొద్దని షెడ్డులో చెబితే పిన్నమ్మ గబగబా నేలంతా ఊడ్చింది. "ఎంఈఓ కన్నా పెద్దోడా పాపా? బడులన్నిట్లో పలకలు పెట్టిస్తాడా?" అని అడిగింది. మండల విద్యాధికారి తెలుసు ఆమెకు, ఈ కొత్త అధికారి ఎవరో తెలియదు. నవ్వి నవ్వి నాకు కళ్లవెంట నీళ్లొచ్చాయి. ఆ తరువాత ఆ మనిషిని మేమిద్దరం "పెద్ద ఎంఈఓ" అనే పిలుచుకున్నాం.

అతన్ని ఊరికే తిట్టను. పని తెలిసినవాడు, మర్యాదస్తుడు. మా సైటు చూసి మొదటి రోజే తప్పులన్నీ చెప్పాడు. ఫోటోలు కెమెరాలోంచి తీసినవి తీసినట్లే పెట్టారు, ఒక్కోటి తెరుచుకునేలోపు జనం వెళ్లిపోతున్నారన్నాడు. ప్రతి పేజీకీ "హోమ్" అనే పేరు ఉందన్నాడు. దుకాణం బోర్డు ఫోటోలో అన్ని అక్షరాలు ఉన్నా, బొమ్మలోని అక్షరాలను నమ్ముకోవద్దు, పేజీ మీద మాటలుగా రాయాలన్నాడు. దుకాణం ఎక్కడుందో, ఎప్పుడు తీస్తారో, ఎప్పుడు మూస్తారో ఎక్కడా లేదన్నాడు. ఊళ్లో అందరికీ తెలిసినవి రాయడమేమిటని అడిగాను. "మీ ఊళ్లో వాళ్ల కోసం కాదు కదా మేడమ్ సైటు," అన్నాడు. అదీ నిజమే.

తరువాత ఇంకో మాట అన్నాడు. "అన్నిటికన్నా ముఖ్యం, జనం ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటలు మన పేజీలో ఉండటం. మీ కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లు ఏం అడుగుతారు, మీరు ఏం చెబుతారు, అవన్నీ ఉన్నవి ఉన్నట్లు రాసి పంపండి మేడమ్. పుస్తకాల భాష వద్దు." నాకది ఎంత నచ్చిందో! మా ఆయన ఇంట్లో పాత నోటుబుక్కు ఒకటి ఇస్తే, వారం రోజులు కౌంటర్ దగ్గర కూర్చుని రాశాను. పలక పగిలితే ఏం చెయ్యాలి, కొత్త పలకను ఎందుకు కడగాలి, చట్రం ఊడితే ఏం చెబుతాం, అక్షరాభ్యాసానికి ఏ సైజు ఇస్తాం. ఆఖరున నాయన మాట రాశాను. బిడ్డ బలపం నోట్లో పెట్టుకుందని తల్లి కంగారుపడితే, నోట్లో పెట్టుకున్నా ఏం కాదు అంటాం. రాసేటప్పుడు నాయన పళ్ల చప్పుడు వినిపించినట్లయింది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

నాలుగైదు నెలల్లో పని జరిగింది. "మార్కాపురం పలక" అని కొడితే మేం మొదటి పేజీలోకి వచ్చాం, తరువాత మొదటి వరుసలోకి. ప్లాస్టిక్ బాతు కిందికి పోయింది. ఎక్కడెక్కడి నుంచో అడిగారు, పార్సిళ్లు కట్టీ కట్టీ పిన్నమ్మ వేళ్లకు పట్టీ వేసుకుంది. ఆ రోజుల్లో నేను పొద్దున లేవగానే దేవుడి పటం కన్నా ముందు ఫోను చూసేదాన్ని, మనం ఏ వరుసలో ఉన్నామో అని. మా ఆయన వేళాకోళం చేసేవాడు. పదో తరగతి పిల్లలు కూడా ఫలితాలు ఇంత ఆత్రంగా చూసుకోరు అనేవాడు.

వసంత పంచమి ముందు పనితో ఊపిరి సలపనప్పుడు పెద్ద ఎంఈఓ ఫోన్ చేశాడు. "మేడమ్, ఒక మంచి అవకాశం కనిపించింది. పలక కన్నా బలపం అని వెతికేవాళ్లు చాలా ఎక్కువ. తెలుగులో దానికి సరైన పేజీ ఎవరిదీ లేదు. మీరు పంపిన మాటలతోనే ఒకటి తయారుచేస్తాం." చెయ్యండి అన్నాను. రెండు రోజులకు పేజీ పంపాడు, చూసి ఓకే అనండి అని. నేను బస్తాల మధ్య నిలబడి ఫోనులో చూశాను. నాయన కౌంటర్ ఫోటో, దాని కింద పెద్ద అక్షరాల్లో నాయన మాట. కళ్లు చెమర్చాయి. కిందికి పోయి చదవలేదు. బొటనవేలి గుర్తు పెట్టి, "మా నాయన మాట పైన పెట్టినందుకు చాలా సంతోషం" అని రాశాను. తరువాత ర్యాంకు కోసం చిన్న మార్పులు చేశామని ఇంకోసారి మెసేజ్ వచ్చింది. దానికీ బొటనవేలే పెట్టాను.

ఆ తరువాత వచ్చిన ఆర్డర్లు చూసైనా నాకు బుద్ధి రావాల్సింది. పలక లేకుండా ఉత్త బలపాలే అడగడం మొదలుపెట్టారు. అన్నీ ఆడవాళ్ల పేర్లే. నెల తిరక్కుండా మళ్లీ అదే పేరు, అదే చిరునామా. ఒకామె "విరిగినవైనా పర్లేదు" అని రాసింది. ఇంకొకామె "కాల్చినవి ఉన్నాయా?" అని అడిగింది. అది చదివి వినిపిస్తే పిన్నమ్మ పడీపడీ నవ్వింది. "బలపాన్ని కాల్చేదేంది పాపా, వేరుశనక్కాయలా?" అంది. నేనూ నవ్వాను. ఇద్దరం నవ్వుకుంటూ ఆ పార్సిళ్లు కట్టాం. ఆ నవ్వు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఎండలు ముదిరాక పిన్నమ్మ కూతురు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అప్పటికి ఏడో నెల. ఒకసారి షెడ్డుకు వచ్చి, తల్లి పక్కన కూర్చుని కాసేపు చట్రాలు తుడిచింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంటే, "ఎండకు తిరగొద్దు చెల్లె" అన్నాను. "ఎండ కాదక్కా, ఊరికే ఆయాసం," అంది. పోయేటప్పుడు విరిగిన బలపాల ముక్కలు గుప్పెడు కొంగులో వేసుకుంది. పిన్నమ్మ కూడా సాయంత్రం పోతూ పోతూ విరిగినవి తీసుకుపోయేది, ఇంటి పక్క పిల్లలకని. ఎవరం ఏమీ అనుకోలేదు.

తరువాత పిన్నమ్మ రెండు రోజులు పనికి రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం వచ్చింది. పీట లాక్కుని కూర్చోలేదు. కౌంటర్‌కు అవతల, కొనేవాళ్లు నిలబడే చోట నిలబడింది. చేతిలో కూతురి ఫోను.

"పాపా, ఇది మన దుకాణమేనా?" అని ఫోను నా ముందు పెట్టింది.

నాయన కౌంటర్ ఫోటో కనిపించింది. "మనదే పిన్నమ్మా," అన్నాను.

"దీంట్లో ఏమి రాసినారో చదువు. నాకు చదువు రాదు గదా."

ముప్పై ఏళ్లుగా పలకలు కట్టలు కడుతున్న మనిషి అన్న మాట అది. చదివాను. పైన పెద్ద అక్షరాల్లో "బలపాలు తినొచ్చా?" అని ఉంది. కింద, "తరతరాలుగా మార్కాపురం చెప్పే మాట: నోట్లో పెట్టుకున్నా ఏం కాదు" అని ఉంది. దాని కింద, మా బలపాలు భూమిలోంచి తీసిన సహజమైన రాయితో చేసినవని, రంగులు కలపలేదని, మెత్తగా, కమ్మటి మట్టివాసనతో ఉంటాయని ఉంది. కమ్మటి అనే మాట దగ్గర నా నోరు ఆగిపోయింది. ఆ మాట నేను రాయలేదు. కానీ మొదటి మాట నాదే.

"ఆగినావేంది? చదువు," అంది పిన్నమ్మ.

"అంతే పిన్నమ్మా."

"అంతేనా? అయితే విను. బిడ్డ మొన్న కళ్లు తిరిగి పడింది. ఆసుపత్రికి తీసకపోయినాం. రక్తం శానా తక్కువుందని డాక్టరమ్మ తిట్టింది. ఏం తింటన్నావమ్మా అంటే బలపాలంట. నేను కొంగులో మూటగట్టి తీసకపోయిన ముక్కలే. పొద్దున గుప్పెడు, మాపున గుప్పెడు. రక్తం తగ్గితే అట్ల తినబుద్ధి అయితాదంట, అన్నం మానేసి అవి తింటే ఉన్న రక్తం గూడ పోతాదంట. నేను కొట్టను చెయ్యెత్తినా. అప్పుడు ఈ ఫోను చూపిచ్చింది. అమ్మా, మీ దుకాణమే చెప్తాంది ఏం గాదని, నన్నెందుకు కొడతావు, అన్నది."

ఏదో చెప్పబోయాను. నాయన పసిపిల్లల గురించి అన్నాడని, కడుపుతో ఉన్నవాళ్ల గురించి కాదని, తినమని అనలేదని. పిన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నా మొగునికీ మీ నాయన ఇదే మాట చెప్పినాడు పాపా. దుమ్ము నోట్లోకి పోతాంది సామీ అంటే, గుడ్డ కట్టుకో, ఏం గాదులే అన్నాడు. ఆ పొద్దు నేనేమీ అనలేదు. ఈ పొద్దు అంటన్నా."

అని ఫోను తీసుకుని వెళ్లిపోయింది. నాకు నాయన మీద అంతవరకూ ఎప్పుడూ కోపం రాలేదు. ఆ రోజు వచ్చింది. కౌంటర్ వెనక ఆయన ఫోటోకు దండ వేసి ఉంది, నవ్వుతూ ఉన్నాడు. ఆ ఫోటో వైపు చూసి, "నీకేం తెలుసని అన్నావు?" అని గట్టిగా అరిచాను. ఎదురు దుకాణం ఆయన బయటికి వచ్చి చూసి, మళ్లీ లోపలికి పోయాడు.

ఆసుపత్రికి పోయాను. ఆ పిల్లకు రక్తం ఎక్కిస్తున్నారు. నన్ను చూసి లేవబోయింది. ఎందుకు తిన్నావని నేను అడగలేదు, తనే చెప్పింది. "నేనేం ఊరికే తినలేదక్కా. తినొచ్చా అని ముందు ఫోన్లో కొట్టి చూసినా. మన దుకాణమే ఫస్టు వచ్చింది. మనదే గదా, అబద్ధం రాయరు గదా అని తిన్నా." నిందించడం కాదు, సంజాయిషీ చెబుతున్నట్లుగా అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆసుపత్రి మెట్ల మీదినుంచే పెద్ద ఎంఈఓకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, నోటికొచ్చినట్లు తిట్టాను. అతను అంతా విని, నెమ్మదిగా, "మేడమ్, మనం తినమని ఎక్కడా రాయలేదు. జనం అడిగే ప్రశ్న పెట్టాం, మీ మాటతో జవాబు ఇచ్చాం. అందుకే అది పైకి వచ్చింది," అన్నాడు.

"ఆ ప్రశ్న ఎవరు అడుగుతారనుకున్నారయ్యా?"

"ఎవరు వెతికితే వాళ్లు మేడమ్."

"ఎవరు వెతుకుతారు? పిల్లలకు రాత నేర్పే పంతులు వెతుకుతాడా బలపాలు తినొచ్చా అని?"

"మాకు మాటలే కనిపిస్తాయి మేడమ్. ఈ మాట ఎక్కువమంది కొడుతున్నారు, దీనికి పేజీ లేదు, అంతవరకే. ఎందుకు కొడుతున్నారో చూడలేదు," అన్నాడు. తరువాత ఇంకా మెల్లగా, "మీకు పంపాం కదా మేడమ్. మీరు ఓకే అన్నారు," అన్నాడు.

ఫోను పెట్టేసి పాత మెసేజీలు తీశాను. నా బొటనవేళ్లు రెండూ అక్కడే ఉన్నాయి. చాలా సంతోషం అన్న మాట కూడా ఉంది. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చాను. దుఃఖంతో కాదు, ఒళ్లు మండి.

పేజీని ఆ రోజే తీయించాను. తీస్తే పోతుందనుకున్నాను. పోలేదు. పేజీ లేదు గానీ, సెర్చ్‌లో ఆ ప్రశ్న కొడితే మా దుకాణం పేరూ, నాయన మాటా ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. నొక్కితే ఖాళీ పేజీ. నొక్కేదెవరు? జవాబు పైనే ఉంటే ఎవరూ నొక్కరు. దాన్ని తీసేయమని అర్జీ పెట్టుకోవాలన్నాడు పెద్ద ఎంఈఓ. నా మాట నేను వెనక్కి తీసుకోవడానికి అర్జీ! పెట్టాను. అది మాయం కావడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఎంతమంది చూశారో నాకు తెలియదు. తెలుసుకునే పట్టిక ఉంది, చూడ్డానికి ధైర్యం చాలలేదు.

తీసేస్తే సరిపోదని తరువాత అర్థమైంది. ప్రశ్న అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. మేం తప్పుకుంటే ఇంకెవడో జవాబు చెబుతాడు. అందుకని అతను నేర్పిన విద్యే బయటికి తీశాను. ఈసారి ఎవరికీ అప్పజెప్పకుండా నేనే కూర్చున్నాను. పేజీ పేరు ఆ ఆడవాళ్లు కొట్టే మాటలతోనే పెట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో తప్పుగా రాసేవాటితో సహా. జవాబు మొదటి వాక్యంలోనే ఉండాలని అతను చెప్పేవాడు, అట్లాగే పెట్టాను. నల్లమల అంచు ఊళ్లలో సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప, అందుకని ఫోటోలు లేకుండా చేశాను. విషయమంతా డాక్టరమ్మకు చూపించి, ఆమె దిద్దినట్లు దిద్దాను. రాసింది రాసినట్లు పిన్నమ్మకు చదివి వినిపించాను. అప్పటికి ఆమె పనికి వస్తోంది, నాతో మాత్రం అవసరమైనంతే మాట్లాడుతోంది.

"బలపాలు తినడం ఆరోగ్యానికి మంచిది కాదు," అని చదివాను.

"మంచిది గాదు అంటే తింటారు పాపా. కల్లు మంచిది గాదని తాగకుండా ఉండారా? తినొద్దు అని రాయి."

అట్లాగే రాశాను. బలపాలు తినొచ్చా? తినొద్దు. తినాలనిపిస్తోందంటే మీ ఒంట్లో రక్తం తగ్గి ఉండొచ్చు, ఈ రోజే పరీక్ష చేయించుకోండి. దాని కిందే, ఈ దుకాణం ముందు తప్పు చెప్పింది, అది చదివి తిన్నవాళ్లు మమ్మల్ని క్షమించాలి అని కూడా రాశాను. అది తీసేయమని మా ఆయన, పెద్ద ఎంఈఓ, ఇద్దరూ చెప్పారు. తప్పు ఒప్పుకున్న పేజీని చూసి జనం దుకాణాన్నే నమ్మరన్నారు. నమ్మకపోతే పోనీ అన్నాను. ఉత్త బలపాలు అమ్మడం ఆపేశాను. పలకతో ఇచ్చే రెండు బలపాల పొట్లం మీద కూడా తినొద్దు అని అచ్చు వేయించాను. కొనడానికి వచ్చినవాళ్లు అది చూసి నవ్వుతారు, బలపాన్ని ఎవరు తింటారండీ అని. నేను నవ్వను.

పైకి రావడానికి ఆ పేజీ నానా పాట్లు పడింది. అబద్ధం పేజీకి ఒక నెల చాలింది, దీనికి ఎనిమిది నెలలైనా చాలలేదు. ఎందుకని పెద్ద ఎంఈఓను అడిగితే, దీన్ని చదివినవాళ్లు ఇంకొకరికి పంపడం లేదు, వేరే సైట్లవాళ్లు తమ పేజీల్లో దీని లింకు పెట్టడం లేదు మేడమ్ అన్నాడు. తెలిసిన పంతుళ్లందరి దగ్గరికీ పోయాను, మీ బడి సైటులో ఈ లింకు పెట్టండి అని. సగం మంది పెట్టారు. మిగతావాళ్లు బడి సైటుకు, బలపాలు తినడానికి సంబంధం ఏమిటని అడిగారు. కడుపుతో ఉన్న పంతులమ్మలు మీ బడిలో లేరా అని అడిగి లేచి వచ్చాను.

ఆ పిల్లకు నెలలు నిండకముందే ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత ఉంది. కొన్నాళ్లు అద్దాల పెట్టెలో పెట్టారు. పిన్నమ్మ ఆ రోజుల్లో నా మొహం చూడలేదు, నేనూ ఆమె ముందుకు పోలేకపోయాను. పసిది నిలదొక్కుకుంది. ఆ మధ్య తల్లి పుట్టింటికి వచ్చినప్పుడు దాన్ని ఎత్తుకుని దుకాణానికి తెచ్చింది. ఇంకా కూర్చోవడం సరిగ్గా రాలేదు గానీ చేతులు మాత్రం ఊరుకోవు. కౌంటర్ మీది డబ్బాలోంచి ఒక బలపం అందుకుని నోట్లో పెట్టుకుంది. పిన్నమ్మ, నేను, ఆ పిల్ల తల్లి, ముగ్గురం ఒక్కసారే చెయ్యి చాచాం. పిన్నమ్మ లాగేసింది. నేను డబ్బాకు మూత పెట్టాను. ఎవరం నవ్వలేదు.

"అక్కా, నీ కొత్త పేజీ వచ్చిందేమో చూస్తా ఉండు," అని పిన్నమ్మ కూతురు తన ఫోను తీసి, అప్పట్లో కొట్టిన మాటలే మళ్లీ కొట్టింది. నేను వంగి చూశాను. మాది రెండో వరుసలో ఉంది. తినొద్దు అని కనిపిస్తోంది. మొదటి వరుసలో ఎవరిదో సైటు, ఎక్కడుందో తెలియదు, కరకరలాడే బలపాలు అని పొట్లాలు పెట్టి అమ్ముతున్నారు. దాని మీద పెద్ద అక్షరాల్లో, "మార్కాపురం పెద్దల మాట: నోట్లో పెట్టుకున్నా ఏం కాదు" అని ఉంది. అక్షరం మార్చలేదు. మా పాత పేజీని ఎత్తుకుపోయి పెట్టుకున్నాడు.

ఆ సైటువాడికి రాశాను, జవాబు లేదు. సెర్చ్‌వాళ్లకు మూడుసార్లు ఫిర్యాదు పెట్టాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని మూడుసార్లూ వచ్చింది. పెద్ద ఎంఈఓను అడిగితే, "అది బాగా పనిచేసిన పేజీ కదా మేడమ్, అందుకే తీసుకుని ఉంటారు," అన్నాడు. కానీ అవన్నీ తరువాత. ఆ రోజు కౌంటర్ దగ్గర, కూతురు మొహం మారడం చూసి పిన్నమ్మ, "ఏముంది దాంట్లో? చదువు పాపా," అంది.

ఉన్నది ఉన్నట్లు చదివాను.

పిన్నమ్మ మనవరాలిని భుజం మీదికి మార్చుకుంది. కౌంటర్ వెనక నాయన ఫోటో వైపు ఒకసారి చూసి, నావైపు తిరిగింది.

"మీ నాయన ఈ ఊరు దాటి పోయినోడు గాదే. ఆయన మాట ఆడికి ఎట్ల పోయింది పాపా?"

"నేనే పంపినా పిన్నమ్మా," అన్నాను.